తాండూరు దవాఖానకు రంగులేసిన దేవమ్మ

తాండూరులో కొత్తగా ఏ తలుపు తెరుచుకున్నా, దాన్ని తెరిపించిన పెద్దమనిషికంటే ముందే దేవమ్మ లోపలికి తొంగిచూసి ఉండేది. స్టేషనులో నీళ్ల ట్యాంకు కట్టినప్పుడు నిచ్చెన సగం దాకా ఎక్కి, స్టేషను మాస్టరు చేత తిట్లు తిని దిగింది. పిండి గిర్నీ వచ్చినప్పుడు, ఆ పట్టా ఎట్లా తిరుగుతుందో చూడబోయి కొంగు దానికి అప్పగించినంత పని చేసింది.

"నీకెందుకే గవన్నీ?" అని భర్త ఈరయ్య విసుక్కుంటే, "కండ్లు ఇంట్ల పెట్టి బజారుకు పోవాల్నా?" అని ఎదురడిగేది.

ఈరయ్య బండలు పరిచే మేస్త్రి. మాటలు తక్కువ. ఇంటికి కావలసిన మాటలన్నీ దేవమ్మే మాట్లాడేది కాబట్టి ఆయనకు లోటు తెలిసేది కాదు. ఆమెకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఖాళీ గోడ కనపడితే చెయ్యి ఊరుకోదు. జాజు అనే ఎర్రమన్ను అలికి, దాని మీద తెల్ల సున్నంతో చిలకలు, తీగలు, కంది చేలు వేసేది. ఈత పుల్ల కొన నమిలితే అదే ఆమెకు కుంచె. బతుకమ్మ పండుగ వచ్చిందంటే వాడకట్టు ఆడవాళ్లంతా మా గోడకు రా అంటే మా గోడకు రా అని ఆమెను చెరో చెయ్యి పట్టి గుంజేవాళ్లు.

1958లో పప్పుల సేఠు ఒకాయన తన మిల్లు వెనక పాత గోదామును బాగుచేయించి, ఆరు ఇనుప మంచాలతో ప్రసూతి దవాఖాన పెట్టించాడు. వికారాబాదు నుంచి మంగళవారం, శుక్రవారం పొద్దుటి ప్యాసింజరులో డాక్టరమ్మ విమలాబాయి వచ్చేది. ఆమెది కలబురిగి వైపు. తెలుగులో అక్కడక్కడ కన్నడం దొర్లేది. మిగతా రోజులు నర్సు మార్తదే రాజ్యం. గోడలు తెలుపు, పరదాలు తెలుపు, దుప్పట్లు తెలుపు, మార్త చీర తెలుపు. తెరిచిన రోజే దేవమ్మ వెళ్లి మంచాలకు చక్రాలు ఉన్నాయా లేవా అని వంగి మరీ చూసి వచ్చింది. ఆ తర్వాత కూడా ఏదో ఒక వంకతో మూడుసార్లు వెళ్లింది.

అయితే రెండు నెలలు గడిచినా అక్కడ ఇద్దరే ప్రసవించారు. ఇద్దరూ రైల్వే వాళ్ల భార్యలు. మిగిలిన మంచాలు మార్త తుడిచినవే తుడిచేది.

అప్పుడే దేవమ్మ కూతురు ఈశ్వరమ్మకు నెలలు నిండుతున్నాయి. ఆమెను దోమ అనే ఊళ్లో ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తొమ్మిదో నెల పడగానే మంత్రసాని బీరమ్మ వచ్చి ఆముదం రాసి కడుపు నిమిరింది. ఆ వాడకట్టులో సగం మందిని ఈ భూమ్మీదికి తెచ్చిన చెయ్యి అది. నిమురుతూ నిమురుతూ ఆ చెయ్యి ఒకచోట ఆగిపోయింది. బీరమ్మ దేవమ్మను పెరట్లోకి తీసుకుపోయింది.

"దేవమ్మా, తల కిందికి లేదు. లోపటి పిల్ల అడ్డం పండుకున్నది. నేను దాచిపెట్ట, గిది నాతోని గాదు. గిసొంటియి నా చేతుల మంచిగైనయి ఒక్కటి గూడ లెవ్వు. ఇజ్జత్ పోతె పాయె, దవాఖానకు తీస్కపో."

అంతటి మంత్రసాని నోట ఆ మాట విన్నాక దేవమ్మ ఇక ఆగలేదు. ఆ పొద్దునే కూతురి చెయ్యి పట్టుకుని నడిపించింది. దవాఖాన మెట్ల దాకా బాగానే వచ్చిన ఈశ్వరమ్మ, అక్కడ కాలికి ఎవరో పగ్గం కట్టినట్టు నిలబడిపోయింది.

"అమ్మా, గడప ముంగట ముగ్గు లేదు."

"లేకపోతె?"

"లేకపోతె ఏంది? ముగ్గు లేని ఇల్లంటె సావు జరిగిన ఇల్లు గాదా? లోపట జూడు. అన్ని తెల్ల బట్టలే. పీనుగ మీద కప్పినట్టు. నేను రానంటె రాను. ఇంట్లనే కంట."

మార్త బయటికి వచ్చింది. "ఎవలు సావలే చెల్లె! ఈడ ఇద్దరు పుట్టిన్రు."

"మరి ముగ్గెయ్యకపోతివి?"

"మా ఇండ్లల్ల ముగ్గెయ్యరమ్మా, నాకు రాదు. అయినా డాక్టరమ్మ పిండి చల్లనియ్యది, చీమలొస్తయని."

ఈశ్వరమ్మ అప్పటికే వెనుదిరిగింది. దేవమ్మ మాత్రం ఆ బోడి గడపను చూస్తూ నోరు తెరుచుకుని నిలబడింది. నాలుగుసార్లు వచ్చింది. మంచాల చక్రాలు చూసింది, అల్మారాలో కత్తెరలు లెక్కపెట్టింది, కాళ్ల కిందున్న గడపను మాత్రం చూడలేదు!

"మార్తా, నిజం జెప్పు. ఇంకెవలన్న గిట్లనే మర్లిపోయిన్రా?"

"రోజు పోతరక్కా. బండొస్తది, ఆగుతది. ఒక ముసలామె దిగి గడప దాకొస్తది, జూస్తది. మల్ల బండి ఎటొచ్చిందో అటే పోతది. ఎందుకో నాకిప్పటిదాక సమజ్ గాలె."

దేవమ్మకు భయం ఒకవైపు ఉంది గానీ, దాని పక్కనే ఇంకేదో కుతకుత ఉడకడం మొదలుపెట్టింది. ఆడవాళ్లను వెనక్కి పంపుతున్నది ఈ గోడలూ ఈ గడపా అయితే, వాటి సంగతి తన చేతిలోనే ఉంది కదా!

శుక్రవారం డాక్టరమ్మ దవాఖానకు చేరేదాకా కూడా ఆగలేక, దేవమ్మ పొద్దునే స్టేషనుకు పోయి నిలబడింది. రైలు దిగిన విమలాబాయి చేతిలోంచి సంచి అందుకుని, పక్కన నడుస్తూ, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది.

"చూడమ్మా," అంది డాక్టరమ్మ, "తెల్లగ ఉంటే మురికి దాక్కోలేదు. ఆ మురికితోనే బాలింతలకు జ్వరాలు వస్తాయి."

"మురికి కనవడుడు మంచిదే డాక్టరమ్మా. కాని మనిషే కనవడకపాయె గద!"

విమలాబాయి నడిరోడ్డు మీద ఆగింది. దేవమ్మ ముఖంలోకి చూసి, పకపకా నవ్వింది. "ఏనమ్మా నువ్వు! నేను ఎనిమిదేళ్ల వయసు నుంచి హాస్టళ్లలో పెరిగినదాన్ని. గడపకు ముగ్గు లేకపోతే ఇంత అర్థం ఉంటుందని నాకెవరు చెప్పారు?"

షరతులు కూడా అక్కడే పెట్టింది. పొడి రాలకూడదు. నేల రోజూ ఫినాయిలుతో కడిగినా చెడకూడదు. గోడ మీద మనిషి ఛాతీ ఎత్తు వరకు తెలుపే ఉండాలి, ఆ పైన ఏమైనా వేసుకో. చివర మాత్రం నవ్వు తగ్గించి చెప్పింది: "నీ కూతుర్ని వచ్చే శుక్రవారానికల్లా దవాఖాన లోపలికి తీసుకురా, ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు. పైనుంచి చేత్తో బిడ్డను తిప్పి చూస్తాను. ఆ వారం దాటితే నా చెయ్యి కూడా పని చెయ్యదు."

ఏడు రోజులు. దేవమ్మ ఇంటికి పోలేదు, పరుగెత్తింది.

"ఇగో, ఇంటున్నవా? ముగ్గు గావాలె, పిండి వద్దు. కడగాలె, పోవద్దు. గిసొంటి ముగ్గు యాడ దొరుకుతది?"

ఈరయ్య బీడీ కొసదాకా కాల్చాడు. పీక కింద పడేసి, కాలితో నలిపి, "నీలం బండల పసుపు బండ పొదుగుదాం" అన్నాడు.

దేవమ్మ ఆయన్ను కొత్తగా చూసినట్టు చూసింది. పాతికేళ్లుగా నలుచదరం బండలే పరిచిన మనిషి! తాండూరు గనుల్లో నీలం రాయీ, పసుపు రాయీ పక్కపక్కనే పుడతాయి. వాటిని కలిపి ఏదైనా చెయ్యమని ఇన్నేళ్లలో ఆయన్ను అడిగినవాళ్లు లేరు. ఆమె సుద్దతో నీలం బండ మీద చుక్కల ముగ్గు గీసింది. ఆయన ఆ గీతలన్నీ ఉలితో గాడి తీసి, పసుపు రాయి ముక్కలు సన్నగా చెక్కి అందులో కూర్చాడు. సోమవారం పొద్దుటికి దవాఖాన గడప ముందు, నీళ్లు పోస్తే ఇంకా మెరిసే ముగ్గు తయారైంది. మార్త దాని మీద బకెట్టు నీళ్లు గుమ్మరించి, ఫినాయిలు పోసి, చీపురుతో గీకి గీకి చూసింది. చుక్క కదలలేదు. "యేసయ్యా!" అని బుగ్గన వేలు పెట్టుకుంది.

ఇక గోడలు. అందరూ దేవమ్మ జాజు కలుపుతుందనుకున్నారు. ఆమె మాత్రం పోయి మొదటి మంచం మీద వెల్లకిలా పడుకుంది.

"అక్కా, పానం బాగలేదా?" అని మార్త కంగారుపడింది.

"ఆగు జర. పండుకున్నోళ్లకు ఏం కనవడ్తదో జూస్తున్న. నిలవడి జూసెటోళ్ల కోసమా గోడ?"

అట్లా ఆరు మంచాల మీదా పడుకుని చూసింది. మొదటి మంచం మీద పడుకుంటే సూటిగా కత్తెరల అద్దాల అల్మారా కనపడింది. "గది జూసుకుంట కనుమంటె మొగోడు గూడ లేసి ఉరుకుతడు" అని, తన ఆకుపచ్చ చీర చింపి దానికి పరదా కుట్టింది. మూడో మంచం మీదికి కిటికీ ఎండ కళ్లలో పొడుస్తున్నది. మంచం జరిపించింది. ఐదో దాని మీద పడుకుంటే దూలానికి ఉన్న కొక్కెం ఒక్కటే కనపడింది, ఉరి వేసుకోవడానికి పెట్టినట్టు. ఈరయ్యను నిచ్చెన ఎక్కించి పీకించింది.

ఆ తర్వాత మొదలైంది సంబరం. వాడకట్టు ఆడవాళ్లు కొంగులు దోపి వచ్చారు. ఒకరు తుమ్మబంక నానబెట్టారు, రంగు రాలకుండా. ఒకరు చిక్కుడాకు దంచి పసరు తీశారు. బట్టలకు పెట్టే నీలిమందు ఒకరింటి నుంచి, పసుపు ఇంకొకరింటి నుంచి వచ్చాయి. బీరమ్మ కూడా వచ్చి మూలన కూర్చుని, "నా నోట్ల మన్ను గొట్టెటందుకు ఎంత సోకు జేస్తున్నరే" అంటూనే జాజు నూరింది. పచ్చగా పూసిన కంది చేను, దాని మీద చిలకల గుంపు, పొగ వదులుతూ వికారాబాదు నుంచి వచ్చే ప్యాసింజరు, దాని కిటికీలోంచి సంచి పట్టుకుని చూస్తున్న డాక్టరమ్మ. నాలుగు రోజులు దేవమ్మ అన్నం నిలబడే తిన్నది.

అన్నిటికంటే మనసు పెట్టి వేసింది ఎదురు గోడ నడుమ బొమ్మ. రెండు పెద్ద తాళ్లకు వేలాడే తొట్టెల, అంటే పసిబిడ్డ ఉయ్యాల, దాని అంచున పూలు. బాలింతలు పడుకుని చూస్తే కడుపు నిండిపోవాలని వేసింది. గురువారం సాయంత్రానికి అది ఆరింది. చూసిన వాళ్లంతా మెచ్చుకున్నారు. తప్పు ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం పొద్దున దోమ నుంచి వియ్యపురాలు సత్యమ్మ దిగింది, కోడలిని ఏ తెల్లింట్లోనో పడుకోబెడుతున్నారని విని. బస్సు కుదుపులకు నడుమూ, కోపానికి మాటా రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. దేవమ్మ ఆమెనూ కూతురినీ వెంటబెట్టుకుని బయలుదేరింది. గడప దగ్గర సత్యమ్మ ఆగి, వంగి, వేలితో ముగ్గును గీకి చూసింది.

"గిది బండనే?"

"బండనే ఒదినె. మీ అన్న చెక్కిండు."

"ఊఁ." అంటే బాగుందని. సత్యమ్మ లోపలికి అడుగుపెట్టింది. చిలకలను చూసింది, రైలును చూసింది, ముఖంలో బిగువు సడలింది. అప్పుడు ఎదురు గోడ కనపడింది. గొంతు దూలాలకు తగిలింది.

"ఓ దేవమ్మొదినా! పుట్టకముందే తొట్టెల గట్టినవా? నా కోడలి కడుపు మీద నీకేం పగ?"

దేవమ్మ నెత్తిన పిడుగు పడినట్టయింది. బిడ్డ పుట్టకముందు తొట్టెల కాదు గదా, గుడ్డపేలిక కూడా సిద్ధం చేయరు. ఆమె తల్లి చేయలేదు, తల్లి తల్లి చేయలేదు. బాలింతలను తలుచుకుని వేసింది గానీ, ఉన్నది ఒకటే గది, కననివాళ్లూ కన్నవాళ్లూ అందరూ పడుకునేది అక్కడేనన్న ఆలోచన ఆ ఉత్సాహంలో ఎటో కొట్టుకుపోయింది.

గడప అవతల నిలబడ్డ ఈశ్వరమ్మ ఆ మాట విని తలుపు రెక్క పట్టుకుంది. "అమ్మా, నేను ఇంటికి పోత."

"ఆగు బిడ్డా! ఇప్పుడే తుడుస్త!"

దేవమ్మ తడి గుడ్డ తీసుకుని రుద్దింది. పూలు చెరిగాయి, తాళ్ల కొసలు చెరిగాయి. దానితోపాటే జాజు కరిగి, తెల్ల గోడ మీద ఎర్రగా ధారలు కట్టింది. అది దేనిలా ఉందో అందరికీ కనపడింది. పొద్దుటి రైలుకు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డ డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంది. సాయంత్రం రైలుకు ఆమె పోవాలి. మంగళవారం వచ్చేసరికి బిడ్డ తిరిగే కాలం దాటిపోతుంది.

దేవమ్మకు ఏడుపు రాలేదు. తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంతో గోడను చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది. కింద పడవలాంటి తొట్టి మిగిలింది. దాని మీద గూడులా వంగిన తాళ్లు మిగిలాయి. ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఒక్కసారిగా కుంచె అందుకుంది.

"మార్తా, పళ్లెం దే! గుండ్రం పళ్లెం!"

మందుల పళ్లెం గోడకు ఆనించి చుట్టూ గీసింది. ఒక చక్రం, దానికి నడుమ నుంచి అంచు దాకా పుల్లల్లా ఆకులు. పక్కన ఇంకోటి. ఎర్రటి ధారలను జాజుతో నింపి దుమ్ము లేచే బాట చేసింది. తాళ్లను చాప కప్పుగా అల్లింది.

"ఏమేస్తున్నవే?" అంది సత్యమ్మ.

"గూడుబండి, ఒదినె. దోమ నుంచి నీ కోడలు పుట్టింటికొచ్చిన బండి. మీ బండే."

"మా బండా?" సత్యమ్మ దగ్గరికి జరిగింది. దేవమ్మ అప్పటికే ఎద్దును మొదలుపెట్టింది. సత్యమ్మ కాసేపు ఓర్చుకుంది, ఇక ఆమె వల్ల కాలేదు. "గది ఎద్దా, మేకా? మా ఎద్దుల కొమ్ములు గట్లుంటయా? ఇటు దే!"

కుంచె లాక్కుంది. నలభై ఏళ్లు ఎద్దులకు కుడితి పెట్టిన చెయ్యి. గీత వంకరపోయినా మూపురం మాత్రం అచ్చం మూపురంలా వచ్చింది.

"గంగడోలు సాలది," అంది దేవమ్మ.

"నువ్వు సప్పుడు జెయ్యకు. చిలకలేసుకో పో."

తలుపు దగ్గర నుంచి కిసుక్కున నవ్వు వినపడింది. "అత్తా, ఎడమదాని నొసట తెల్ల సుక్కుంటది గదా. మర్శిపోయినవ్."

"యాడ? ఈడనా?"

"ఇంకింత మీదికి."

"ఈడ?"

"కాదత్తా, ఇటు దే," అంటూ ఈశ్వరమ్మ వచ్చి, సున్నంలో వేలు ముంచి, ఎద్దు నొసట అద్దింది. అద్దిన తర్వాత తనెక్కడ నిలబడిందో చూసుకుంది. ఎద్దును చూసింది, అత్తను చూసింది, అమ్మను చూసింది. వెనక్కి పోలేదు. నాలుగో మంచం అంచున కూర్చుని, "ఈడికెళ్లి మంచిగ కనవడ్తుంది" అంది.

విమలాబాయి చేతులు కడుక్కోవడం అప్పటికే మొదలుపెట్టింది.

బిడ్డను తిప్పడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టి మెల్లగా ఒత్తుతూ, ఆగుతూ, గుండె చప్పుడు వింటూ, మళ్లీ ఒత్తేది. అటు అత్త, ఇటు అమ్మ చెరో చెయ్యి పట్టుకున్నారు. ఈశ్వరమ్మ పళ్లు బిగబట్టి బండి చక్రం ఆకులు లెక్కపెట్టింది. "ఎనిమిదే ఉన్నయమ్మా, పన్నెండుండాలె" అంటుండగా ఆమె కడుపులో ఏదో పెద్ద చేప ఒత్తిగిలినట్టు కదిలింది. డాక్టరమ్మ నుదురు తుడుచుకుని తల ఎత్తింది.

"తిరిగింది! చెప్పిన మాట విన్నది!"

గది దద్దరిల్లింది. సత్యమ్మ మోచెయ్యి తగిలి గిన్నెలోని సున్నం మార్త తెల్ల చీర నిండా పడింది. మార్త తిట్టలేదు, గెంతింది.

మళ్లీ తిరగకుండా పక్కన గుడ్డ చుట్టలు పెట్టి కట్టి, ఈశ్వరమ్మను అక్కడే ఉంచారు. పన్నెండో రోజు, కోడి కూసిన కాసేపటికి నొప్పులు మొదలై, ఎండ ముదరకముందే ఆడపిల్ల పుట్టింది. మార్త తీసింది. పక్కన నిలబడి బీరమ్మ, "తల! తల ముందు!" అని వాడకట్టంతా వినేలా అరిచింది. తొలి స్నానం ఆమె చేతులతోనే పోయించారు.

ఆ పొద్దు నుంచి గడప దగ్గరికి వచ్చిన బండి తిరిగిపోవడం జరగలేదు. దేవమ్మకు వికారాబాదు నుంచి, పరిగి నుంచి కబుర్లు వచ్చాయి. తర్వాతి ఏళ్లలో ఆమె జాజు మూట, ఈత పుల్లలు కట్టుకుని, ఈరయ్యను వెంటబెట్టుకుని రైలెక్కి ఎన్నో దవాఖానల గోడలకు రంగులేసింది. ఎక్కడికి పోయినా మొదట మంచాలన్నిటి మీదా పడుకుని చూసేది. దూలం మీదికి ఈరయ్యను ఎక్కించేది.

కానీ ఆ మొదటి సారి దేవమ్మకు అసలు తంటా వచ్చింది మనుమరాలు పుట్టిన పదో రోజున. ఇంటికి తీసుకుపోదామని వస్తే, ఈశ్వరమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"ఇంకో నాలుగొద్దులుంటనే అమ్మా. ఈడ మంచిగున్నది."

"ఏందే? రా అంటె రాకపోతివి, ఇప్పుడు లే అంటె లేస్తలెవ్వా?" అంది దేవమ్మ.

"నా మనుమరాలిని దవాఖాన పిల్లను జేస్తవా ఏంది!" అని సత్యమ్మ అందుకుంది.

అప్పుడు తలుపు దగ్గర అలికిడి అయింది. యాలాల నుంచి వచ్చిన ఒక నిండు చూలాలు, తల్లి భుజం పట్టుకుని, బిత్తర చూపులు చూస్తూ నిలబడింది. ఆరు మంచాలూ నిండి ఉన్నాయి. మార్త ఇటూ అటూ చూసింది. ఈశ్వరమ్మ ఆ పిల్ల ముఖం చూసింది. తన బిడ్డను ఎత్తి అత్త ఒడిలో పెట్టి, మంచం దిగింది. చేత్తో దుప్పటి సవరించింది.

"రా అక్కా, ఇట్ల రా. బుగులువడకు. జర పండుకొని, గా గోడ జూడు."